పదకొండు తక్కువ

జూన్ 4

ప్రియమైన మైకు బావకి,

ఫోన్ చేస్తే రెండు జోకులేసి, "గిరాకీ వచ్చింది, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తావు. మళ్ళీ చెయ్యవు. అందుకే ఈ ఉత్తరం. దీన్ని మధ్యలో పెట్టెయ్యలేవు కదా!

చెల్లెమ్మ మోకాలు ఎలా ఉంది? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నా చూపే మందగించింది. స్టేడియం గ్యాలరీలో మనవాళ్ళు నాకు 'దారం' అని పేరు పెట్టారు గానీ, ఇప్పుడు ఆ దారాన్ని సూదిలోకి ఎక్కించడానికి నేను పదిసార్లు కుస్తీ పట్టాలి.

అసలు సంగతి చెప్తాను. పోయిన వారం ఒకమ్మాయి కొట్టుకి మూడు ప్యాంట్లు తెచ్చింది. నడుము దగ్గర నాలుగు అంగుళాలు తగ్గించమంది. ఒకటి తిరగేసి చూద్దును కదా, కుట్టు నాది. పాతికేళ్ళ కిందటి కుట్టు.

"ఎవరివమ్మా ఇవి?" అన్నాను.

"మా నాన్నవి. ఆయన్ని మీరంతా తాళం అని పిలిచేవారట."

చేతిలో కత్తెర పక్కన పెట్టేశాను బావా. మన తాళం! మన ఊరి ఫుట్‌బాల్ టీమ్ ఒకే ఒక్కసారి ఛాంపియన్ అయిన ఏడాది, గోల్ ముందు తాళం వేసినట్టు నిలబడ్డ మన స్టాపర్ బ్యాక్. నాలుగు అంగుళాలు తగ్గిపోయాడు.

ఆ అమ్మాయి బస్ డిపోలో టైమ్ కీపర్. తల్లి పోయింది. తాళానికి అరవై ఒకటే గానీ ఇప్పుడేదీ గుర్తుండడం లేదు. కూతుర్ని చూసి "మీ అమ్మగారు ఉన్నారా?" అంటాడట. ఒకరోజు బీరువా తలుపు గాలికి ఊగుతుంటే ఎదురెళ్ళి తలతో గుద్దాడు. ఏడు కుట్లు పడ్డాయి. ప్రస్తుతం ప్రభుత్వాసుపత్రి వార్డులో ఉన్నాడు. జులై ఆఖరు దాకానే ఉంచుతారట.

ఆటగాళ్ళ సంఘానికి ఒక ఆశ్రమం ఉంది. ఆట వల్ల దెబ్బతిన్నవాళ్ళని జీవితాంతం చూసుకుంటారు. ఒక గది ఖాళీగా ఉంది. కానీ జబ్బు ఆట వల్లే వచ్చిందని వైద్య కమిటీ ముందు రుజువు చెయ్యాలి. మన గ్యాలరీవాళ్ళు అతను తలతో కొట్టిన బంతులు, అదే హెడర్లు, లెక్కపెట్టేవారని ఆ అమ్మాయి ఎవరి దగ్గరో వింది. ఆ నోటుబుక్కు నీ దగ్గరుందా? ఉందంటే వెంటనే పంపు.

నీ రాక కోసం కాకపోయినా నీ పోస్టు కోసం చూస్తూ,
దారం


జూన్ 10

ఒరే దారం బావా,

నీ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపించాను. "తాళం అంటే పెళ్ళైన కొత్తలో నన్ను ఇంట్లో వదిలేసి మీరు చూడ్డానికి పోయేవారే, ఆయనేనా?" అంది. ఆయనే అన్నాను. తన మోకాలు వాన వచ్చే ముందు రోజు కచ్చితంగా చెప్తోంది. వీధిలోవాళ్ళు బట్టలు ఆరేసే ముందు వచ్చి అడిగి వెళ్తున్నారు.

నోటుబుక్కు ఉంది. దీనితోపాటే పంపుతున్నాను. అట్ట పోయింది గానీ అంకెలు చెక్కుచెదరలేదు.

రాత్రి దాన్ని తిరగేస్తుంటే మన గ్యాలరీ అంతా కళ్ళకి కట్టింది. తాళం బంతిని తలతో కొట్టగానే నేను ఇనప కటకటాల మీదికెక్కి అంకె అరిచేవాణ్ణి. నా వెనక మూడు వేల గొంతులు అదే అంకె అరిచేవి. "రెండొందల పదిహేడు!" అంటే స్టేడియం బయట ఆటో స్టాండులో కూడా వినపడేదట. అవతలి టీమ్ గోల్‌కీపర్ ఒకసారి నన్ను చూపించి రిఫరీకి ఫిర్యాదు చేశాడు, గుర్తుందా? "ఆ మైకు కట్టెయ్యండి" అన్నాడు. ఆ రోజునుంచే కదా నాకా పేరు!

గోల్ కొట్టినవాళ్ళ ఫొటోలు నా షాపులో అద్దం పైన ఇప్పటికీ ఉన్నాయి. ఆపినవాడి ఫొటో ఒక్కటీ లేదు. పేపర్లవాళ్ళు అతన్ని విడిగా ఎప్పుడూ తియ్యలేదు. అతని కెరీర్ మొత్తానికి ఒక్క గోలూ లేదు. అతనికి మనమిచ్చిన మెడల్ ఆ లెక్కే. ఎంత ముచ్చటపడేవాడంటే, నడుమెత్తులో వచ్చే బంతిని కాలితో తన్నెయ్యచ్చు కదా, ఊహూఁ, వంగి మరీ తలతో కొట్టేవాడు. కొట్టి మనవైపు చూసి ఒక వేలెత్తేవాడు. లెక్క వేసుకో అన్నట్టు.

ఫైనల్‌కి ముందు నాలుగొందల ఎనభై తొమ్మిది. ఫైనల్లో పన్నెండు. మొత్తం ఐదొందల ఒకటి. ఏ కమిటీకైనా ఇది చాలదా? డాక్టర్లకి లెక్కలొచ్చి ఉంటే చాలు.

అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పు. తాళానికి ఏం చెప్పాలో తెలియడం లేదు.

నీ
మైకు


జూన్ 24

బావా,

నోటుబుక్కు అందింది. అమ్మాయి దాన్ని రెండు చేతులా పట్టుకుంది. "ఇంత శ్రద్ధగా ఎవరు రాశారు బాబాయ్?" అంది. 'టైలర్ గారూ' కాస్తా 'బాబాయ్' అయింది చూశావా! నీ గురించి చెప్పాను. స్టేడియం వెనక గేటు ఎదురుగా షాపు ఉండేదని, టీమ్ అంతా నీ దగ్గరే జుట్టు కత్తిరించుకునేదని.

కమిటీ డాక్టరు నోటుబుక్కు చూశాడు. మంచివాడే, కసురుకోలేదు. కానీ, "అంకె అంకే, జబ్బు లక్షణం కాదు. ఇతని తండ్రికి కూడా ముసలితనంలో మతిమరుపు ఉండేదని ఆసుపత్రి కాగితాల్లో ఉంది. ఇది వంశంలో వచ్చింది కాదని ఎలా అనుకోమంటారు? ఆడే రోజుల్లోనే ఇతనిలో తేడా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే సంతకం పెట్టి రాసివ్వమనండి" అన్నాడు.

ఎవరున్నారు? కోచ్ పోయాడు. మన గోల్‌కీపర్ పోయాడు. కెప్టెన్‌కి ఫోన్ చేస్తే "మా టీమ్‌లో ఎవరికీ ఏమీ లేదు" అని టకీమని పెట్టేశాడు. క్లబ్బువాళ్ళ దగ్గర కాగితాలే లేవు.

నువ్వున్నావు. పదిహేను రోజులకోసారి అతని తల నీ చేతిలో ఉండేది. ఆ తలను నీ అంత దగ్గరగా కన్నతల్లి కూడా చూసి ఉండదు. కుర్చీలో కూర్చున్నవాడు మంగలితో చెప్పేవి పెళ్ళాంతో కూడా చెప్పడని నువ్వే అనేవాడివి. నీకేమైనా చెప్పాడా? ఎప్పుడైనా తల తిరుగుతోందనో, కళ్ళు మసకేస్తున్నాయనో?

ఇంకొకటి. నోటుబుక్కులో ఫైనల్ పేజీ తర్వాత అంతా తెల్లకాగితాలే. తాళం ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు ఆడాడు కదా, ఎందుకు రాయలేదు? ఆ ఏడాదే నువ్వు షాపు ఎత్తేసి మీ బావమరిది ఊరికి వెళ్ళిపోయావు. అప్పుడు అడగాలనిపించలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

జవాబు తొందరగా రాయి.

దారం


జులై 2

బావా,

నాకేమీ గుర్తులేదు. రోజుకి ముప్ఫై తలలు. ముప్ఫై ఏళ్ళ కిందటి ఒక తలలో ఏముందో ఎవడికి గుర్తుంటుంది? జుట్టు కత్తిరించేవాణ్ణి, డాక్టర్ని కాదు. షాపు ఎందుకు ఎత్తేశానంటే అద్దె పెంచారు, అంతే.

నోటుబుక్కు ఇచ్చాను. నా దగ్గరున్నది అదే. ఇంక ఈ విషయం ఎత్తొద్దు.

మైకు


జులై 9

మైకుకి,

అద్దె పెంచలేదు. ఆ షాపు యజమానికి చొక్కాలు కుట్టింది నేనే. "మంచి అద్దెదారు, చెప్పాపెట్టకుండా పోయాడు" అని కొలతలిస్తున్నంతసేపూ బాధపడ్డాడు.

నీకు గుర్తులేదా? రెండొందల పదిహేడు ఎక్కడిదాకా వినపడిందో గుర్తుంది. అవతలి గోల్‌కీపర్ ఏమన్నాడో గుర్తుంది. తల మాత్రం గుర్తులేదా? చూడు బావా, తాళానికి గుర్తులేదంటే జబ్బు. నీకు గుర్తులేదంటే ఏమనాలి?

నిన్న గురువారం, కొట్టు సెలవు కాబట్టి ఎప్పటిలాగే వార్డుకి వెళ్ళాను. మంచం మీద కుదురుగానే కూర్చున్నాడు. మనిషి చాలా మర్యాదగా ఉంటాడు, ఎవరొచ్చినా లేచి నిలబడతాడు. బాత్‌రూమ్‌కని తీసుకెళ్ళాను. తలుపు దాటగానే ఆగిపోయి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అన్నా, కుడికా, ఎడమకా?" అన్నాడు. ఎడమకి అన్నాను. పది అడుగులు. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ, "అన్నా, కుడికా, ఎడమకా?" ప్రతి తలుపు దగ్గరా అంతే. సిస్టర్లు నవ్వుతారు. నవ్వకపోతే వాళ్ళు మాత్రం రోజంతా ఎలా పనిచేస్తారు?

అమ్మాయి వార్డు దొరకక ముందు సంగతి చెప్పింది. డ్యూటీకి వెళ్తూ తండ్రిని గదిలో పెట్టి తాళం వేసుకుని వెళ్ళేదట. సాయంత్రం తలుపు తెరిచేసరికి ఆయన తలుపు వెనకే నిలబడి ఉండేవాడట, పొద్దున్న వదిలిన చోటే. చెప్తూ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. జులై ఆఖరుకి ఆ గది రాకపోతే మళ్ళీ అంతే.

కమిటీ ఈ నెల పంతొమ్మిదిన కూర్చుంటుంది. ఆ రోజుతో సరి, ఆ గది ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నీకేమీ తెలియకపోతే అబద్ధం రాయమని నేను అడగను. తెలిసి దాస్తే మాత్రం, బావా అని ఇంకెప్పుడూ పిలవకు.

ఇట్లు
దర్జీ


జులై 14

నా దారానికి,

బావా అని పిలవచ్చో లేదో ఇది చదివాక నువ్వే చెప్పు.

రెండు కాగితాలు పెడుతున్నాను. నోటరీ ముందు సంతకం పెట్టింది కమిటీకి. ఈ ఉత్తరం నీకు. రెండూ ముందు అమ్మాయి చేతికివ్వు. ఆమె ఇవ్వమంటేనే కమిటీకి ఇవ్వు. తండ్రి సంగతి కూతురికంటే ముందు కమిటీకి తెలియకూడదు.

"కుడికా, ఎడమకా" అని రాశావు. అది చదివాక షాపు మూసేశాను. మూడు రోజులైంది.

ఫైనల్ ఆదివారం కదా. శుక్రవారం మధ్యాహ్నం తాళం వచ్చాడు. షాపులో ఇంకెవరూ లేరు. గుడ్డ కప్పి, దువ్వెన పెట్టగానే ఉలిక్కిపడి, "మెల్లగా అన్నా" అన్నాడు. ఎడమ చెవి పైన నిమ్మకాయంత వాపు. వేలు పెడితే మెత్తగా ఉంది. ఎప్పటిది అన్నాను. రెండు వారాలైందన్నాడు.

అప్పుడు చెప్పాడు. "మొన్న ప్రాక్టీస్ నుంచి ఇంటికి నడిచి వస్తూ సందు మలుపు దగ్గర ఆగిపోయాను. కుడికా, ఎడమకా తెలియలేదు. ఎనిమిదేళ్ళ నుంచి ఉంటున్న ఇల్లు అన్నా! పాలవాణ్ణి అడిగాను, మా ఇల్లు ఎటు అని. వేళాకోళం అనుకుని నవ్వాడు. బంతి కూడా రెండుగా కనిపిస్తోంది. ఏది అసలుదో తెలియక రెండింటి మధ్యలో తల పెడుతున్నాను."

ఎలా ఆపుతున్నావు మరి అన్నాను. "మీరు అంకె అరిస్తే తగిలిందని తెలుస్తోంది" అన్నాడు.

ఇంకా అన్నాడు. "కోచ్‌కి చెప్తే ఆపేస్తాడు. చెప్పెయ్యమంటావా అన్నా? ఈ ఒక్క మ్యాచ్ మానేస్తే ఏమవుతుంది?"

నన్ను అడిగాడు బావా. డాక్టర్ని అడగలేదు, పెళ్ళాన్ని అడగలేదు. ఆ రోజు అద్దంలో నా మొహమే అతని మొహానికి దగ్గరగా ఉంది, అందుకే నన్నడిగాడు.

నేనేమన్నానో తెలుసా? "నాలుగొందల ఎనభై తొమ్మిది తమ్ముడూ. పదకొండు తక్కువ. గ్యాలరీ అంతా ఐదొందల కోసం కాచుకుని కూర్చుంది. ఈ ఒక్కటీ కానిచ్చెయ్, తర్వాత ఏడాదంతా పడుకో."

అద్దంలో నన్ను కాసేపు చూశాడు. "సరే అన్నా" అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. ఇది కమిటీ కాగితంలో కూడా రాశాను. ఆ వాపు కనపడితే కోచ్ అడుగుతాడు కదా. కుడిపక్క కురచగా కత్తిరించి, ఎడమపక్క పొడుగ్గా వదిలేసి, వాపు మీదుగా జుట్టు దువ్వాను. నూనె రాసి అణిచాను. ఎంత బాగా కుదిరిందంటే, చెయ్యి తీశాక ఏ వైపు వాపు ఉందో నాకే తెలియలేదు. ఆదివారం పేపర్‌లో టీమ్ ఫొటో వచ్చింది, చూడు. అందరిలోకీ అతని క్రాఫే బాగుంటుంది.

మిగతాది నువ్వూ చూశావు. పదో హెడర్. కార్నర్ బంతికి ఇతనూ వాళ్ళ ఫార్వర్డూ ఒకేసారి ఎగిరారు. తలకి తల తగిలిన చప్పుడు గ్యాలరీ దాకా వినపడింది. పడిపోయాడు. లేచి గడ్డి మీద కూర్చున్నాడు, కాళ్ళు చాపుకుని, చిన్నపిల్లాడిలా. కోచ్ వచ్చి చంకల కింద చేతులు వేసి బయటికి తీసుకెళ్ళబోయాడు. నాలుగొందల తొంభై తొమ్మిది. నా నోట్లోంచి అంకె రాలేదు. గొంతు పోలేదు, ఉంది. నోరే రాలేదు. మూడు వేలమందీ నా వైపే చూశారు. అప్పుడు గ్యాలరీలో ఎవరో "ఇంకొక్కటి!" అన్నారు. ఆ మాట అందరూ అందుకున్నారు. ఇంకొక్కటి, ఇంకొక్కటి. తాళం తలెత్తి మనవైపు చూశాడు. కోచ్ చెయ్యి తోసేసి లేచాడు.

మనం గెలిచాం.

తర్వాత పదిహేను రోజులకి మళ్ళీ జుట్టుకని వచ్చాడు. గుడ్డ కప్పాను. తల మీద చెయ్యి వెయ్యలేకపోయాను. చెయ్యి బెణికిందని చెప్పి పంపేశాను. మళ్ళీ వస్తాడని భయమేసింది. అందుకే ఊరు మారాను.

మొదటి ఉత్తరంలో అవన్నీ గొప్పగా రాశాను, వంగి మరీ కొట్టేవాడని. రాస్తుంటే సంతోషంగానే ఉంది. అదే నాకు అసహ్యంగా ఉంది.

అమ్మాయి తిడితే తిట్టిన మాటలు తిట్టినట్టే నాకు రాయి. ఏదీ దాచకు.

మైకు


జులై 21

ప్రియమైన బావకి,

బావా అనే పిలువు.

గది వచ్చింది. సోమవారం తాళాన్ని తీసుకెళ్తారు. కింది అంతస్తులో గదే, మెట్లు లేవు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పంతొమ్మిదిన కమిటీ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని, నువ్వు చెప్పినట్టే రెండు కాగితాలూ అమ్మాయి చేతిలో పెట్టాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. తిట్టలేదు.

"ఎన్ని తక్కువ అన్నారు?" అంది.

"పదకొండు."

"వచ్చాయా?"

"పన్నెండు వచ్చాయమ్మా."

సంతకం కాగితం తీసుకుని తనే లోపలికి వెళ్ళింది. డాక్టరు దాన్ని చదివి, పక్కాయనకిచ్చి, మళ్ళీ తీసుకుని చదివాడు. "ముప్ఫై ఒకటో ఏట దారి తప్పడం, బంతి రెండుగా కనపడడం, వాపు ఏ పక్క అన్నది కూడా ఉంది. ఇది వంశంలో వచ్చింది కాదు" అన్నాడు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

బయటికొచ్చాక అమ్మాయి అంది, "ఆయనకి థాంక్స్ చెప్పండి బాబాయ్. నిజంగానే చెప్పండి. కానీ నాన్నని చూడ్డానికి మాత్రం రావద్దని కూడా చెప్పండి. నాన్న తల మీద ఆయన చెయ్యి నేను చూడలేను."

నీ తరఫున నేను వాదించలేదు. వాదించాల్సింది.

బస్టాండు దాకా కలిసి నడిచాం. దారిలో, "మీరు మాత్రం గురువారాలు మానకండి. ఆశ్రమానికి రండి. మీరుంటే నాన్న కుదురుగా ఉంటారు. ఈ ఊళ్ళో ఆయన్ని ఏమీ అడగకుండా ప్రేమించింది మీరొక్కరే" అంది.

అక్కడ ఊరుకోవచ్చు బావా. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె ఆ మాట అనకపోతే ఊరుకునేవాణ్ణేమో కూడా. కానీ నీకు అంత కటువుగా ఉత్తరం రాసిన చెయ్యి ఇదే కదా.

చెప్పేశాను. "ఇంకొక్కటి" అని మొదట అరిచింది నేనే అని. నువ్వు అరవకపోయేసరికి, ఐదొందలు ఒక్కటికి ఆగిపోతుందే అనిపించింది. అంతే అనిపించింది. గడ్డి మీద మనిషి కూర్చున్నాడని చూశాను. చూస్తూనే అరిచాను. అతను తలెత్తి చూసింది నా వైపే.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కింద నిలబడి, "గురువారం రానా అమ్మా?" అన్నాను. నా వైపు తిరగలేదు. "వద్దు బాబాయ్" అంది. బాబాయ్ అనడం మానలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ తీశాను. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "గ్యాలరీలో ఎవరో" అన్నావు. ఎవరో ఏమిటి బావా? ఆ రోజు నువ్వు కటకటాల మీద ఉంటే పడిపోకుండా నీ నడుము పట్టుకున్నది నేను. నేను అరిచింది నీ చెవిలోనే. నీకు తెలుసు. ఈ ఉత్తరం అమ్మాయి చదువుతుందని తెలిసి, నీ సంగతి అంతా రాసి, నా సంగతి ఒక్కటీ రాయలేదు.

ఆదివారం బయలుదేరి నీ దగ్గరికి వస్తున్నాను.

నీ
దారం